తల్లిదండ్రుల కూటమి – దాని పెంపకం, దాని పోషణ

మన తాతముత్తాతలు ఎస్టేటు లైను ఇళ్లలో కాపురమున్న రోజుల్లో తల్లిదండ్రుల సంఘమంటూ వేరే ఒకటి పెట్టుకోవలసిన అవసరం ఉండేది కాదు. నీళ్ల కుళాయి దగ్గర నలుగురు తల్లులు కలిస్తే అదే సంఘం. ఎవరి బిడ్డకు జ్వరం తగిలింది, ఎవరి పిల్లవాడు బడి ఎగ్గొట్టి కాలవకు పోయాడు అన్న కబురు పొద్దుగూకేలోగా లైనంతా తెలిసిపోయేది. తల్లి తెల్లవారకముందే రబ్బరు చెట్ల పాలు తీయడానికి పోతే పక్కింటి మామ్మ పిల్లలకు గంజి పోసేది. సాయంత్రం రామమందిరంలో భజన అయ్యాక ఎవరో ఒక పెద్దాయన పిల్లలను వరసగా కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించేవారు. దానికి చందా పుస్తకం లేదు, కార్యదర్శి లేడు.

ఆ లైన్లు ఇప్పుడు చాలావరకు లేవు. పెరాక్‌లోని బాగన్ డాతో, తెలుక్ ఇంతాన్ ప్రాంతాలనుంచీ, కెడా నుంచీ కదలి వచ్చిన కుటుంబాలు క్లాంగ్‌లో, పుచోంగ్‌లో, జొహోర్ బారులో వరస ఇళ్లలోనూ ఫ్లాట్లలోనూ విడివిడిగా కాపురముంటున్నాయి. పక్కింటివారు మంచివారే, కాని తెలుగువారు కారు. బిడ్డ ఇంట్లో మలాయి, బడిలో మలాయి, టీవీలో ఇంగ్లీషు వింటూ పెరుగుతాడు. మామ్మ ఊరినుంచి వచ్చి “ఏరా, అన్నం తిన్నావా?” అని అడిగితే తల్లి ముఖం చూస్తాడు. ఈ స్థితిలో కొందరు తల్లిదండ్రులు చేతిలోని ఫోనులోనే ఒక కుళాయి గట్టు కట్టుకుంటున్నారు. అలాంటి కూటమి ఒకదానికి నేను కొన్నేళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. దానిని ఎలా పెంచాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని మిత్రులు కొందరు అడుగుతున్నారు గనుక, మేము చేసిన పొరపాట్లతో సహా వివరించదలచాను.

మొదట ఒక సంగతి చెప్పాలి. మన భాష విషయంలో ప్రభుత్వ బడి మీద భారం వేసి కూర్చోవడానికి వీల్లేదు. 1923 నాటి లేబర్ కోడ్ ప్రకారం బడి ఈడు పిల్లలు 10 మంది ఉంటే ఎస్టేటు యజమాని బడి పెట్టవలసి ఉండేది. తెలుగువారు ఎక్కువగా ఉన్న కొన్ని తోటల్లో తెలుగు బడులు నడిచింది ఆ కాలంలోనే. తోటలు చీలిపోయి జనం పట్నాలకు తరలిపోయాక ఆ బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇక 1996 విద్యా చట్టం ప్రకారం జాతీయ పాఠశాలలో 15 మంది విద్యార్థుల తల్లిదండ్రులు కోరితే చైనా భాషగాని తమిళంగాని నేర్పే వీలు కల్పించాలి. ఆ వాక్యంలో తెలుగు పేరు లేదు. పైగా ఒకే బడిలో 15 మంది తెలుగు పిల్లలు దొరికే పేట ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. 1955లో పుట్టిన ఆంధ్ర సంఘం, అనగా నేటి మలేషియా తెలుగు సంఘం, దాని శాఖలు తరగతులు నడుపుతూనే ఉన్నాయి. కాని శాఖ లేని పేటలో ఉన్న తల్లికి వెళ్లడానికి తరగతి లేదు. ఆమె చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే.

మేము 2020 జనవరిలో తొమ్మిది కుటుంబాలతో మొదలుపెట్టాము. మార్చి 18న దేశమంతటా రాకపోకలు కట్టడి చేసేసరికి బడులు మూతపడి, తల్లులు తండ్రులు పిల్లలతో నాలుగు గోడల మధ్య ఉండిపోయారు. అప్పుడు వాట్సాప్‌లో ఒకరికొకరు రాసుకోవడం ఎక్కువైంది. జూమ్‌లో ఒక టీచరమ్మ పిల్లలకు అక్షరాలు నేర్పడం ప్రారంభించారు. ఉచితంగా వాడుకుంటే 40 నిమిషాలకు అది తెగిపోతుంది. మళ్లీ అందరినీ పిలుచుకునేసరికి చిన్నపిల్లలు సగం మంది వంటింట్లోకి పోయేవారు. మాకు మొట్టమొదట తగిలిన ఖర్చు అదే!

కూటమి పెరగడం గురించి మా అనుభవం ఏమంటే, జనాన్ని చేర్చినంత మాత్రాన అది పెరగదు. మరుసటి ఏడాది ఉగాది పండుగకు కూడిన ఫోను నంబర్ల జాబితా ఒకటి మా చేతికి దొరికింది. ఉత్సాహం కొద్దీ ఒకే రాత్రి దాదాపు రెండు వందల మందిని మా గుంపులో చేర్చాము. తెల్లారేసరికి దేవుడి బొమ్మలు, శుభోదయాలు, ఎవరో అమ్ముతున్న చీరల ఫొటోలు, రాజకీయాలు వచ్చిపడ్డాయి. అంతకు ముందు రోజు ఒక తల్లి, తన బిడ్డకు మూడేళ్లు వచ్చినా మాటలు రావడం లేదని ఎంతో బెరుకుగా రాసిన ప్రశ్న ఆ వరదలో కొట్టుకుపోయింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె మళ్లీ ఎన్నడూ ఏమీ అడగలేదు. వారం తిరక్కుండానే పాతవారు కూడా చప్పుడు మానేశారు. చివరికి ఆ గుంపు మూసేసి కొత్తది తెరవవలసి వచ్చింది.

కొత్తదానికి పద్ధతి మార్చాము. ఎవరినైనా చేర్చాలంటే లోపల ఉన్నవారు ఒకరు తీసుకురావాలి, తెచ్చినవారే పరిచయం చేయాలి. వచ్చినవారు మూడు విషయాలు రాయాలి: మీ తాతగారు ఏ ఎస్టేటులో ఉండేవారు, పిల్లల వయసులు ఎంత, ఇంట్లో ఏ భాష నడుస్తుంది. మొదటి ప్రశ్న ఏదో మర్యాదకు పెట్టాము గాని, గుంపును అతికించిన బంక అదే అయింది. జొహోర్ బారులో ఉన్న ఒక కోడలు తన మామగారి ఎస్టేటు పేరు రాస్తే, సుంగై పెటానినుంచి ఒకావిడ “చెల్లెమ్మా, మా అమ్మమ్మ కూడా ఆ తోటలోనే, పై లైనులో ఉండేది” అని రాసింది. ఆ రోజునుంచి వారిద్దరి మధ్య పిల్లల దగ్గుమందునుంచి పరీక్షల దాకా సాగని మాట లేదు.

రెండో సంగతి, అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబు రావాలి. తెలియకపోతే “నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను” అన్నా చాలు. ఇందుకోసం వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నాము. ఆ ఇద్దరి పని ఏ ప్రశ్నా అనాథగా మిగలకుండా చూడడమే. రాసేవారు ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు. చదివి ఊరుకునేవారే ఎక్కువ. ఊరుకున్నారని వారిని తీసివేయకండి. వారు అన్నీ చూస్తూ ఉంటారు. తమకు అవసరం పడ్డ రోజున నోరు తెరుస్తారు. జబ్బు విషయంలో మాత్రం మందు పేరు చెప్పకూడదు, క్లినిక్కుకు వెళ్లమని చెప్పాలి అని కచ్చితంగా పెట్టుకున్నాము. రాత్రి పది దాటాక రాయకూడదు. సభ్యులు అరవై కుటుంబాలు దాటాక పేటల వారీగా విడదీశాము. ఏడాదికి రెండుసార్లు అందరూ ఒకచోట కలవాలి. ఫోనులో పుట్టిన పరిచయం ఒక పూట కలిసి పులిహోర తింటేగాని గట్టిపడదు.

గుంపు నడిపేవారికి చట్టం వైపునుంచి కూడా బాధ్యత ఉంది. 1966 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు లేక అంతకంటే ఎక్కువమంది ఒక ఉద్దేశంతో కూడితే అది సంఘం కిందికే వస్తుంది, నమోదు చేయించుకోవాలి. నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, 60 రోజుల్లోగా లెక్కలూ వివరాలూ రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఇదంతా మోయలేని చిన్న కూటమి, ఇదివరకే నమోదైన తెలుగు సంఘం శాఖ కింద ఒక ఉపసంఘంగా చేరడం మేలు. మేము అలాగే చేశాము. ఇక 2012లో సాక్ష్య చట్టంలో చేర్చిన 114ఎ విభాగం ప్రకారం, ఒక చోట నిర్వాహకుడుగా పేరున్నవాడే అక్కడి రాతలను ప్రచురించినట్టు భావిస్తారు, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. కాబట్టి ఎవరైనా ఒక డాక్టరునో బడినో పేరుపెట్టి తిడితే వెంటనే తీసివేయడం నిర్వాహకుడి ఆత్మరక్షణ కూడా.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. మాకు నిజంగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ దెబ్బ కొట్టింది కూడా నేనే.

మొదటి రెండేళ్లు చందా డబ్బు నా సొంత బ్యాంకు ఖాతాలోనే పడేది. అందరికీ నా మీద నమ్మకం, నాకు నా మీద ఇంకా ఎక్కువ నమ్మకం. చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాడిని. 2022లో గుండె చికిత్సకు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, ఆ తరువాత ఇంట్లో పడుకోవలసి వచ్చింది. ఆ సమయంలో ఇంటి ఖర్చుకు మా ఆవిడ ఆ ఖాతానుంచే డబ్బు తీసింది. ఏది ఇంటి డబ్బు, ఏది పిల్లల తరగతి డబ్బు అని ఆమెకు ఎవరు చెప్పారు? టీచరమ్మకు రెండు నెలల జీతం అందలేదు. ఆవిడ మర్యాదస్తురాలు. జబ్బుపడ్డ మనిషిని డబ్బు అడగడం ఏమిటని ఊరుకున్నారు. మూడో నెలలో “ఒంట్లో బాగుండడం లేదండీ” అని చెప్పి తరగతి ఆపేశారు. అసలు సంగతి నాకు తెలిసేసరికి ఆవిడ వేరేచోట ట్యూషన్లు ఒప్పుకున్నారు.

లేచి తిరగగలిగాక, తీసిన డబ్బు తిరిగి కట్టాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. లోటు త్వరగా పూడాలని, చందా బాకీ ఉన్న పద్నాలుగు కుటుంబాల పేర్లు వరసగా రాసి గుంపులో పెట్టాను. పక్కన ఎవరు ఎన్ని నెలలు బాకీనో కూడా. గంటలోపలే ఒక తల్లినుంచి జవాబు వచ్చింది. “అన్నయ్యగారూ, మా తాతను పొద్దున్నే చెక్‌రోలు పట్టుకుని కంగాణి పేరు పెట్టి పిలిచేవాడట. రాకపోతే కూలి కోసేవాడట. మీరు నన్ను అలాగే పిలిచారు” అని రాసి ఆవిడ వెళ్లిపోయింది. ఫ్యాక్టరీలో ఆమె భర్తకు ఓవర్‌టైము లేకుండా పోయి ఆరు నెలలైందని నాకు తరువాత తెలిసింది. వారంలో మరో పదకొండు కుటుంబాలు వెళ్లాయి. వారిలో ఐదుగురు ఒక్క నెల కూడా బాకీ లేనివారు! తమ పేరు లేకపోయినా, అటువంటి చోట ఉండడం వారికి ఇష్టం లేకపోయింది.

ఆ తరువాత శాఖ పేరున వేరే ఖాతా పెట్టి ఇద్దరి సంతకాలు ఉండాలన్నాము. ప్రతినెలా 5వ తేదీన ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలు గుంపులో పెడతాము. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో పెట్టము. ఆ సంగతి ఇద్దరికి మాత్రమే తెలుస్తుంది. ఇవ్వలేనివారు ఆ ఇద్దరిలో ఒకరికి ఒక్క మాట చెబితే చాలు, కారణం చెప్పనక్కరలేదు. వారి పిల్లలు అందరి పిల్లలతో పాటే తరగతిలో కూర్చుంటారు.

చందా ఎంత పెట్టాలో లెక్క వేసుకునే విధానం కొంచెం చెప్తాను. ఒక ఉదాహరణ తీసుకుందాము. కూటమిలో 40 కుటుంబాలు ఉన్నాయనుకోండి. వారానికి రెండు గంటలు తరగతి, నెలకు 8 గంటలు. గంటకు 40 రింగిట్ల చొప్పున టీచరుకు 320 రింగిట్లు. జూమ్ చందా, కాగితాలు, అచ్చు కలిపి 100. మొత్తం 420. దానిని 40తో భాగిస్తే పది రింగిట్ల చిల్లర వస్తుంది, అంతే పెడదామని అందరికీ అనిపిస్తుంది. అది తప్పు లెక్క. ఏ నెలలోనైనా కొందరు ఇవ్వలేరు. కాబట్టి 30 మందే ఇస్తారని లెక్కించండి. అప్పుడు మనిషికి 14 పడుతుంది. 15 అడగండి. నెలకు 450 వస్తే 30 మిగులుతుంది. ఆ 30 కదపకుండా ఉంచితే 14 నెలల్లో 420, అంటే ఒక నెల ఖర్చు నిలవ ఉంటుంది. కోశాధికారి ఆసుపత్రిలో పడ్డా టీచరుకు జీతం ఆగదు.

ఇంత చిన్న మొత్తాలతో ఏమవుతుందని కొందరు నవ్వుతారు. మనవారికి ఇది కొత్తేమీ కాదు. తోటలను ముక్కలు చేసి అమ్ముతూ కూలీలను రోడ్డు మీదికి నెడుతున్న రోజుల్లో, 1960లో, తున్ వి.టి. సంబంధన్ జాతీయ భూ ఆర్థిక సహకార సంఘాన్ని స్థాపించారు. అప్పటి డబ్బులో నెలకు 10 డాలర్ల చొప్పున కట్టి కూలివారు 100 డాలర్ల వాటా కొనుక్కున్నారు. ఆ సంఘం మొదట కొన్న తోట కెడాలోని బుకిత్ సీడిం. తమిళులతో పాటు తెలుగువారూ ఆ వాటాదారుల్లో ఉన్నారు. పాలు తీసే చేతులతో కట్టిన పది డాలర్లు తోటనే కొన్నాయి.

చందా అనగానే మన ఆడవారిలో కొందరు “చీటీ వేద్దాం, అందులో కొంత తరగతికి తీద్దాం” అంటారు. వద్దు. ఇక్కడ కూటు అని పిలిచే ఆ చీటీలను నడపడం 1971 చట్టంతో నిషేధమైంది. పైగా చీటీ తగాదా వస్తే పిల్లల తరగతి కూడా దానితోనే మునుగుతుంది.

ఇక బయటి డబ్బు. తల్లిదండ్రులు పదిమంది ఒకచోట కనబడితే వ్యాపారులకు వాసన తగులుతుంది. మా గుంపు వంద కుటుంబాలు దాటగానే ట్యూషన్ వారు, భీమా ఏజెంట్లు, పాలపొడి అమ్మేవారు కబుర్లు పంపారు. తల్లిపాలకు బదులు వాడే పొడుల ప్రచారాన్ని కట్టడి చేస్తూ ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే ఒక నియమావళి ఆమోదించింది. పసిపిల్లల తల్లులున్న చోటికి ఆ ప్రచారాన్ని మన చేతులతో తేవడం నాకైతే మనసొప్పలేదు.

ప్రకటనల డబ్బు అసలే పనికిరాదని అనను. ఇంగ్లండులో కవలల తల్లి జస్టిన్ రాబర్ట్స్ 2000లో మమ్స్‌నెట్ అనే తల్లిదండ్రుల కూటమిని ఇంటర్నెట్‌లో ప్రారంభించారు. పిల్లలతో వెళ్లిన ఒక సెలవు ప్రయాణం బొత్తిగా చెడిపోయి, ముందే ఇతర తల్లిదండ్రులను అడిగి ఉంటే బాగుండేదని ఆవిడకు తోచిందట. ఇంటర్నెట్ కంపెనీల మీద పెట్టుబడి పెట్టేవారు వెనక్కి తగ్గిన కాలమది. అందుచేత మొదటి ఏళ్లలో పని చేసినవారికి జీతమంటూ పెద్దగా లేదు. తరువాత ప్రకటనల ఆదాయంతో అది లక్షల మంది వచ్చే చోటైంది. అయినా కొన్ని రకాల ప్రకటనలు తీసుకోమని వారు గీత గీసుకున్నారు. ఒక పిల్లల పెంపకపు పుస్తకాల రచయిత్రి గురించి సభ్యులు రాసిన మాటల మీద పరువునష్టం తగాదా వచ్చి 2007లో రాజీ చేసుకోవలసి వచ్చింది. అంత పెద్దదానికి అంత పెద్ద తలనొప్పి. ప్రకటనలు నడపడానికి జీతగాళ్లు కావాలి, ఆ జీతాలకు మళ్లీ ప్రకటనలు కావాలి. వంద కుటుంబాల కూటమికి ఆ గొడవ ఎందుకు?

పెద్ద దాతలు కూడా వస్తారు. పోయిన ఏడాది ఒక పెద్దమనిషి 5,000 రింగిట్లు ఇస్తామన్నారు. ఏడాది టీచరు జీతం తీరిపోతుందని అందరూ సంబరపడ్డారు. మేము కొంత ఆలోచించి, ఆ డబ్బుతో పిల్లల కథల పుస్తకాలు తెప్పించి పేటల వారీగా మూడు పెట్టెలుగా పంచుతామని చెప్పాము. ఆయన ఒప్పుకున్నారు. ఎందుకంటే, ఒక్కసారి వచ్చే డబ్బును ఒక్కసారి అయ్యే ఖర్చుకే వాడాలి. నెలనెలా అయ్యే ఖర్చు నెలనెలా వచ్చే చందాతోనే జరగాలి. ఏడాదిపాటు చందా కట్టడం మరచిపోయిన కుటుంబం రెండో ఏడాది మళ్లీ మొదలుపెట్టదు. దాతలు కొందరు పన్ను రాయితీ రసీదు అడుగుతారు. 1967 ఆదాయపు పన్ను చట్టం 44(6) కింద ఆమోదం పొందిన సంస్థే అది ఇవ్వగలదు గనుక, లేని రసీదు ఇస్తామని మాట ఇవ్వకండి. మరొక దాత పిల్లలందరినీ తన కంపెనీ బనియన్లతో ఫొటో తీయించమన్నారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డ ఫొటో బయటికి పోకూడదన్నది మా నియమం. ఆ డబ్బు రాలేదు.

వెళ్లిపోయిన పన్నెండు కుటుంబాల్లో ఏడు తిరిగి వచ్చాయి. చెక్‌రోలు మాట అన్న ఆవిడ ఇంటికి నేనూ మా ఆవిడా వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాము. టీ ఇచ్చింది గాని ఏమీ అనలేదు. నాలుగు నెలల తరువాత ఆమె చిన్న కూతురు తరగతిలో కనబడింది. ప్రస్తుతం లెక్కల పుస్తకం మీద రెండో సంతకం ఆవిడదే.

పాత టీచరమ్మ మాత్రం రాలేదు. ఇప్పుడు చెబుతున్న అమ్మాయికి వచ్చే జనవరినుంచి పగటి ఉద్యోగంతో పాటు రాత్రి చదువు కూడా ఉందట. వారానికి ఒక గంటే ఇవ్వగలనంటోంది. రెండో గంటకు మనిషి కావాలి. డబ్బు ఉంది, మనిషి దొరకలేదు.